ఇంటికి ఆర్.ఓ. నీటి యంత్రము: కొనుటకు పూర్వము తెలిసికొనవలసిన విషయములు

గత కొన్ని సంవత్సరములుగా మన గ్రామములలో ఒక క్రొత్త వస్తువు వంటయిండ్లలో ప్రవేశించుచున్నది. గోడకు తగిలించిన తెల్లని పెట్టె, దాని క్రింద చిన్న కుళాయి, ఒక ప్రక్కనుండి వెలుపలికి పోవు సన్నని గొట్టము. దీనిని కొందరు ఫిల్టరనియు, కొందరు ఆర్.ఓ. అనియు పిలుచుచున్నారు. సామాన్య రైతు కుటుంబమునకు దీని వెల స్వల్పమైనది కాదు. కొన్న పిదప ఏటేట దానిపై అగు వ్యయము వేరు. అయినను పొరుగువారు కొనినారని కొనువారును, అంగడివాడు చెప్పినాడని కొనువారునే అధికముగ కనబడుచున్నారు. ఈ యంత్రము ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము, అవసరమైనవారు ఎట్టిదానిని ఎన్నుకొనవలెను అను విషయమును పాఠకులకు తెలుపుట యుక్తమని తలంచితిమి.

ముందుగా ఇది పనిచేయు విధమును చూతము. మాగాయ పెట్టు గృహిణులకు దీని మూలసూత్రము తెలిసినదే. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో, మరునాటికి ముక్కలలోని నీరు ఊటగా వెలుపలికి వచ్చును. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో నీరు లోనికి పోయి పండు ఉబ్బును. ఈ రెండు చోట్లను నీరు పలుచని పొరను దాటి, ఉప్పు గాని చక్కెర గాని తక్కువగా ఉన్న వైపునుండి ఎక్కువగా ఉన్న వైపునకు పోవుచున్నది. దీనినే ద్రవాభిసరణమందురు. ఉప్పునీటి వైపున గట్టి ఒత్తిడి కలిగించినచో ఈ ప్రవాహము వెనుకకు మరలును. ఉప్పు చాలవరకు పొరకు ఈవల నిలిచిపోవును, మంచినీరు ఆవలికి దాటును. రివర్స్ ఆస్మాసిస్, అనగా ఆర్.ఓ., అను పేరునకు అర్థమిదియే. ఇందుకు పనికివచ్చు పొరను 1959, 60 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు సిడ్నీ లోబ్ అనునతడును, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్‌ గారును కలసి రూపొందించిరి. 1965లో అదే రాష్ట్రమునందలి కోలింగా అను చిన్న పట్టణమునకు ఈ పద్ధతిచే త్రాగునీరు సరఫరా అయినది. ఆ ఊరి భూగర్భజలము ఉప్పన. ఉప్పునీటిని మంచినీరుగ మార్చుటకే ఈ సాధనము పుట్టినదని పాఠకులు గుర్తుంచుకొనవలెను, ఏలయన ఎన్నిక అంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

నీటియందు దోషములు మూడు తెరగులు. మట్టి, నలక, తుప్పు వంటివి కంటికి కనబడును. సూక్ష్మక్రిములు కనబడవు. నీటిలో కరగియున్న లవణములును కనబడవు. మొదటిదానికి తేర్చుట, వడకట్టుట చాలును. రెండవదానికి బాగుగ మరగించుట గాని, తగు పాళ్లలో క్లోరిను కలుపుట గాని చాలును. అతినీలలోహిత కిరణములతో పనిచేయు యు.వి. యంత్రమును, సన్నని రంధ్రముల పొర గల యు.ఎఫ్. యంత్రమును ఈ రెండవ తరగతి దోషమునకు పనికివచ్చును. యు.వి. యంత్రమునకు విద్యుత్తు కావలెను, నీరును తేటగా ఉండవలెను. యు.ఎఫ్. చాలవరకు విద్యుత్తు లేకయే పనిచేయును. మూడవ దోషమునకు మాత్రము ఇవి ఏవియు పనికిరావు. ఆర్.ఓ. అవసరమగునది అచ్చటనే.

ఆ మూడవ తరగతిలో మన ప్రాంతమును మిక్కిలి బాధించినది ఫ్లోరైడు. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొట్టమొదట గుర్తించి 1937లో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామముల నుండియే. నల్లగొండ జిల్లా అనుభవించిన బాధ జగద్విదితము. పిల్లల పండ్లు పసుపు, గోధుమ రంగు చారలు తేలుట, నడివయసునకే కీళ్లు బిగిసికొనుట, వెన్ను వంగిపోవుట ఈ వ్యాధి లక్షణములు. ఒకసారి వంగిన ఎముకను సరిచేయు మందు లేదు. ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. తియ్యని నీరనియు, తేటనీరనియు పేరు పడిన బావిలోనే ఇది ఉండవచ్చును. మరగించినచో తగ్గకపోగా, నీరు ఆవిరియైన కొలదిని మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రామునకు మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి కలదు. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు ఉపయోగించి ఫ్లోరైడును తగ్గించు ఒక పద్ధతిని నాగపూరులోని నీరీ పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. ఒక జిల్లా పేరు ఈ రీతిగ శాస్త్రగ్రంథములకు ఎక్కుట సంతోషింపదగిన కారణమున కాదు.

నది నీటిలో ఫ్లోరైడు సాధారణముగ అల్పము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము తెలంగాణ గ్రామములకు కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి తెచ్చుటలోని ముఖ్యోద్దేశములలో ఇది ఒకటి. ఆంధ్రప్రదేశ్‌నందును పెక్కు గ్రామములు నదుల నుండియు, కాలువల క్రింది చెరువుల నుండియు నీరు పొందుచున్నవి. అట్టి కుళాయి ఇంటిలో ఉండగా దానిని విడచి, పెరటి బోరునీటిని ఆర్.ఓ.కు పట్టించి త్రాగువారును కలరు. ఇది చేతనున్న మంచినీటిని పారబోసి ఉప్పునీటిని కొనుక్కొనుట వంటిది. కుళాయి నీటిపై అనుమానమున్నచో దానిని పరీక్ష చేయించుకొనుట మేలు.

పరీక్ష చేయించక యంత్రము కొనుట రోగమెరుగక మందు మ్రింగుటయే. గ్రామీణ నీటి సరఫరా విభాగమువారి ప్రయోగశాలలు నీటిని పరీక్షించుచున్నవి. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు పరీక్షపెట్టె ఉపయోగించుటలో శిక్షణ ఇచ్చు ఏర్పాటు కలదు. పంచాయతీ కార్యాలయమున విచారించినచో మార్గము తెలియును. నమూనా పట్టుటలో కొంత జాగ్రత్త వలయును. బోరును కొన్ని నిమిషములు నడిపిన పిమ్మట, శుభ్రమైన సీసాను అదే నీటితో ముమ్మారు తొలచి, నిండుగ పట్టి, ఊరు, ఆధారము, తేదీ వ్రాసి అంటింపవలెను. క్రిముల పరీక్షకు మాత్రము ప్రయోగశాలవారు ఇచ్చు శుద్ధిచేసిన సీసానే వాడవలెను. దానిని తొలచరాదు, చల్లగ ఉంచి ఇరువదినాలుగు గంటల లోపల అందజేయవలెను. వేసవిలో ఒకమారు, వానలు వెలసిన పిదప ఒకమారు పరీక్షించినచో నిజస్థితి తెలియును.

ఫలితపు కాగితముపై చూడవలసినవి ముఖ్యముగ నాలుగు. మొదటిది టి.డి.ఎస్., అనగా కరగియున్న లవణముల మొత్తము. ఇది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపల ఉండుట మంచిది. వేరు నీరు లేనిచోట 2000 వరకు అనుమతించిరి. రెండవది పైన చెప్పిన ఫ్లోరైడు. మూడవది నైట్రేటు, ఇది 45కు మించరాదు. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంటలు, ఎరువులు దీనికి మూలములు, పాలుత్రాగు పసివారికి ఇది ప్రమాదకరము. నాలుగవది కోలిఫారం క్రిములు, ఇవి బొత్తిగా ఉండరాదు. టి.డి.ఎస్. 500కు లోబడి, ఫ్లోరైడు, నైట్రేటులు హద్దులో ఉండి, క్రిముల భయము మాత్రమే ఉన్న ఇంటికి ఆర్.ఓ. అక్కరలేదు. యు.వి. గాని, యు.ఎఫ్. గాని చాలును, మరగించుకొనినను చాలును. టి.డి.ఎస్. 500కు లోపలనున్న చోట్ల ఆర్.ఓ. వాడకమును నిషేధింపవలెనని 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునలు కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖను ఆదేశించుటకు కారణము, దీనివలన వ్యర్థమగు నీరే.

ఇచ్చట విక్రయదారులు చూపు ఒక గారడిని గూర్చి చెప్పక తప్పదు. రెండు లోహపు కడ్డీలు గల చిన్న పరికరమును మీ బిందెలోని నీటిలో ముంచి మీట నొక్కుదురు. క్షణములో నీరు గోధుమ రంగునకో పచ్చ రంగునకో తిరిగి, తెట్టె కట్టును. తమ యంత్రపు నీటిలో ముంచగా రంగు మారదు. చూచినవారు భయపడి బయానా ఇత్తురు. నిజమునకు ఆ రంగు నీటిలోని మాలిన్యము కాదు. లవణములున్న నీటిలో విద్యుత్తు ప్రవహించి ఆ కడ్డీల ఇనుమే కరగి తుప్పుగా తేలుచున్నది. లవణములు తీసివేసిన నీటిలో విద్యుత్తు అంతగా ప్రవహింపదు, కావున రంగు రాదు. ఆరోగ్యకరమైన నది నీరును ఈ పరీక్షలో చెడ్డనీరే అగును. చేతిలో ఇమిడెడి టి.డి.ఎస్. మీటరు అబద్ధమాడదు గాని, అది లవణముల మొత్తమును మాత్రమే అంచనా వేయును. అందు ఫ్లోరైడు ఎంత, క్రిములెన్ని అను విషయము దానికి తెలియదు. 400 చూపు నీటిలో ఫ్లోరైడు హద్దు మీరియుండవచ్చును.

ఇక యంత్రము నిజముగ అవసరమైన ఇంటి సంగతి. ఐ.ఎస్.ఐ. గుర్తును, దాని వెంట ఆర్.ఓ. యంత్రములకు నిర్ణయించిన ఐ.ఎస్. 16240 అను సంఖ్యయు ఉన్నవో లేవో చూడవలెను. పొరకు ముందు నలకను ఆపు వడపోతయు, బొగ్గు వడపోతయు ఉండవలెను. కుళాయి నీటిలోని క్లోరిను నేటి పొరలను పాడుచేయును, బొగ్గు దానిని పీల్చుకొనును. గిన్నెలకు తెల్లని పొలుసు కట్టు గట్టినీరైనచో పొర త్వరగా పూడిపోవును గనుక, దానికి తగిన రక్షణ ఏమి కలదో అడుగవలెను. విద్యుత్తు తరచు ఆగు ఊళ్లలో లోపలి తొట్టి కొంచెము పెద్దదిగ ఉన్న యంత్రము నయము. మరమ్మతు చేయువాడు మీ మండల కేంద్రమునందైన ఉన్నాడా, విడిభాగములకు ఎంత అగును అను సంగతులు వెలకంటె ముందు విచారింపదగినవి. పొర సాధారణముగ రెండు మూడు సంవత్సరములును, ముందటి వడపోతలు ఆరు నెలలు మొదలు సంవత్సరము వరకును పనిచేయును. ఈ ఖర్చును మూడేండ్లకు లెక్కకట్టి, యంత్రపు వెలకు కలిపి చూచినచో ఏది చౌకయో తేలును.

కొన్ని యంత్రములలో టి.డి.ఎస్. సవరించు మర అని ఒకటి ఉండును. శుద్ధియైన నీరు మరీ చప్పగ ఉండకుండ, పొరగుండ పోని నీటిని కొంత అందులో కలుపుట దీని పని. ఉప్పదనము మాత్రమే దోషమైనచో ఇది మంచిదే. ఫ్లోరైడు గాని నైట్రేటు గాని ఉన్న నీటికి ఈ మర విప్పినచో, తీసివేసిన విషమును మరల చేతులార కలిపినట్లగును. అట్టివారు ఈ మర లేని యంత్రమును కొనవలెను, ఉన్నచో పూర్తిగ మూయించవలెను. విక్రయదారులు ఈ విషయము చెప్పుట అరుదు.

వ్యర్థజలము విషయము మరి కొంత ఆలోచింపదగియున్నది. ఇంటి యంత్రము ఒక లీటరు మంచినీరిచ్చుటకు సుమారు మూడు లీటర్లను వెలుపలికి పంపును. ఐదుగురున్న ఇంటిలో త్రాగుటకు, వంటకు దినమునకు 20 లీటర్లు వలసినచో 60 లీటర్లు గొట్టము వెంట పోవును. సంవత్సరమునకు 21,900 లీటర్లు. జల జీవన్ మిషన్ ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున ఆ ఇంటికి లభించునది 275 లీటర్లు మాత్రమే. అందు ఐదవ వంతునకు మించి ఈ గొట్టము పాలగును. కనుక ఆ నీటిని బిందెలోనికి పట్టి, ఇల్లు కడుగుటకు, అంట్లు తొలుచుటకు, మరుగుదొడ్డికి వాడుకొనవలెను. పశువులకు మాత్రము పెట్టరాదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల బోరునీటిని తీసికొందము. యంత్రము అందు నూటికి తొంబది పాళ్లు తొలగించినచో త్రాగునీటిలో 0.4 మిగులును, వెలుపలికి పోవు నీటిలో అది 5.2కు పెరుగును. గేదెలకును ఈ వ్యాధి సోకును, వాటి పండ్లును అరిగిపోవును. ఆ నీటిని బావి చెంతనే గుంట తీసి ఇంకించుటయు తగదు.

ఊరిలో పంచాయతీ గాని సంఘము గాని నడుపు నీటి కేంద్రము ఉన్నచో, ఒక్కొక్క ఇంటికి యంత్రము కంటె అది మేలని మా అభిప్రాయము. పెద్ద యంత్రము నీటిని తక్కువ వ్యర్థము చేయును, దానిని చూచుటకు ఒక మనిషి ఉండును. ఐతే క్యాను కడుగని చోట ఎంత శుద్ధియు నిరర్థకము. ఆర్.ఓ. నీటిలో క్లోరిను మిగులదు గనుక, చేయి తగిలినను, మురికి గ్లాసు ముంచినను క్రిములు సులభముగ పెరుగును. ఇంటి యంత్రపు తొట్టికిని ఇది వర్తించును. దానిని అప్పుడప్పుడు కడిగించవలెను. పట్టిన నీటిపై మూత ఉంచి, పిడిగల గరిటెతో తీసికొనవలెను. పొరుగూరికి పోయి కొన్ని దినములు ఇల్లు మూసియుంచినచో, తిరిగివచ్చిన పిదప మొదటి తొట్టెడు నీటిని త్రాగక వేరు పనులకు వాడవలెను.

ఫ్లోరైడు కారణముగ యంత్రము పెట్టించుకొన్నవారు మరియొక పని చేయవలెను. బిగించిన నెలకు ఒకమారు, ఆ పిమ్మట ఏటికొకమారు, యంత్రము ఇచ్చు నీటినే సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపవలెను. పొర చినిగినను, అరిగినను నీటి రుచిలో తేడా తెలియకపోవచ్చును. పసిపిల్లలున్న ఇంటిలో ఆరు నెలలకొకమారు పంపుట మంచిది. పొర మార్పించిన ప్రతిసారి ఆ తేదీని పెట్టె ప్రక్కను వ్రాసియుంచినచో తరువాతి మార్పు ఎప్పుడో ఇంటివారికే తెలియును.