పెచ్చులూడు పటము

హైదరాబాదున మాదాపురములో, 1998లో వెలసిన సైబర్ టవర్సు మేడకు కూతవేటు దూరమున మా బంధువుల యిల్లున్నది. మొన్న వారింట నొక తంజావూరు పటమును చూచితిమి. వెన్నముద్ద పట్టిన బాలకృష్ణుడు. అత్తగారి పుట్టింటి సొత్తు. పల్లెలో పూజాగదిలో తరతరములుగా చెక్కుచెదరని పటము, ఈ యింటికి వచ్చిన రెండేండ్లకే పెచ్చులూడుచున్నది. దిష్టి తగిలినదని యిల్లాలు వాపోయినది. దిష్టి కాదు తల్లీ, పటముపైననే బిగించిన శీతలయంత్రము!

తంజావూరు పటమునకు పనస మొదలగు చెక్కపై గుడ్డ నతికి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూతవేసి, ఆపైన రంగులును బంగారు రేకును తీర్చుదురు. చెట్టు చచ్చినను చెక్కకు దాహము చావదు. గాలిలోని తేమను పీల్చి యుబ్బును. తేమ తగ్గినచో ముడుచుకొనును. సుద్దపూత యట్లు సాగజాలక పగిలి విడివడును. రాత్రి యంత్రపు పొడిగాలి, తెల్లవారి కిటికీ తెరచినంతనే వానగాలి! పెంకుటింటను తేమ మారును గాని, మెల్లగా మారును.

ఇటలీలో ఫ్లోరెన్సు నగరమున వసారి 1546లో చెక్కపై వ్రాసిన ‘కడపటి విందు’ 1966 నవంబరు వరదలో గంటల తరబడి మునిగినది. రంగు జారిపోకుండ పలుచని కాగితము నతికించి దాచిరి. చెక్క ఆరి ముడుచుకొనగా రంగునకు చోటు చాలకపోయెను. అయినను ఓపిక పట్టి, 2016లో మరల నిలిపిరి.

మాకంత యోపిక లేకపోయినది. ఒకప్పుడు మా పటమును తడిగుడ్డతో తుడువగా, సీతమ్మవారి చీరయంచు గుడ్డకే అంటి వచ్చినది! సుద్దపూత నీటికి నానును గదా. నూనె, వార్నీషు, బజారు జిగురు కూడ తగవు. పటమును దింపి, బొమ్మ పైకుండునట్లు బల్లపై పరుండబెట్టవలెను. ఫోటో తీసి, రాలిన పెచ్చులను పొట్లము కట్టి, ఏ తావువో పైన వ్రాయవలెను. నిపుణులు సన్నని కుంచెతో పెచ్చు క్రిందికి పలుచని జిగురు నెక్కించి, గోరువెచ్చని పనిముట్టుతో మెల్లగా నదుముదురు. క్రొత్తరంగు వేయుట వారికి కడపటి పని. బజారు పనివారికి మొదటి పని. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు సొంత సంరక్షణశాల కలదు. అట్టి పని తెలిసినవారికై అచ్చట విచారింపవచ్చును.

“రాలిన పెచ్చు లేవమ్మా?” యని యడిగితిమి. చాలవరకు చీపురుపాలైనవట. వెన్నముద్ద మాత్రము పారవేయ మనసొప్పక, అత్తగారు కుంకుమభరిణెలో దాచినారట.