మీకు తెలుసా? పొయ్యి మంట నీలంగానే ఉండాలి!

సైబరాబాద్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లకు భాగ్యనగర్ గ్యాస్ పైపులో వస్తుంది. మిగతా ఇళ్లలో, పీజీ హాస్టళ్లలో సిలిండరే దిక్కు.

• ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేలమీద పేరుకుంటుంది. పైపు గ్యాస్ తేలిక. పైకప్పు వైపు చేరుతుంది.

• ఎల్‌పీజీకి సొంత వాసన లేదు. లీకు తెలియడానికే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు.

• మంట పసుపుగా మారి గిన్నెలు మసిబారుతుంటే గ్యాస్ సరిగా కాలడం లేదు. బర్నర్ శుభ్రం చేయించాలి.

• సరిగా కాలనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ప్రాణాంతకమయ్యేది అందుకే. స్నానం చేస్తుండగా తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రావాలి.

• సిలిండర్‌పై ‘బి-27’ అని ఉంటే 2027 జూన్‌లోగా దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం.

వాసన వస్తే స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు. సిలిండరైతే రెగ్యులేటర్, పైపు గ్యాసైతే వాల్వు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి నడవండి. ఆ తర్వాతే ఫోన్ తీయండి. ఎల్‌పీజీ లీకుకు 1906, మంటలు లేస్తే 101.