చంద్రగిరిలో పొద్దు వాలే వేళ

తిరుమలలో స్వామి దర్శనానికి వెళ్లే ముందు సెల్‌ఫోన్లు, కెమెరాలు కౌంటర్లో అప్పగించాల్సిందే. లోపల చూసింది కళ్లలోనే దాచుకోవాలి. కెమెరాతో తిరగాలనుకునే వాళ్లకు పని కొండ దిగుతుండగా మొదలవుతుంది. ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట రాతి పొరలు గమనించండి. కింద గ్రానైటు, దాని మీద పరుపులు పరిచినట్టు క్వార్ట్‌జైటు. ఆ రెండూ కలిసే గీత దగ్గర కోట్ల ఏళ్ల చరిత్ర చెరిగిపోయింది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అసమవిన్యాసం అంటారు. మలుపుల్లో బండి ఆపడం ప్రమాదం కాబట్టి కిటికీలోంచి దొరికినంతే ఫొటో. కొండపైన శిలాతోరణం దగ్గర మాత్రం నిలబడి తీరిగ్గా తీసుకోవచ్చు. ఏ శిల్పీ చెక్కకుండానే ఏర్పడిన ఆ రాతి కమాను సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటుంది.

నాకు మాత్రం ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా ఇష్టమైన చోటు చంద్రగిరి. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు పట్టుకుంటే సుమారు 12 కిలోమీటర్లు. కోట గోడ దాటి లోపలికి వెళితే రాజమహల్, దాని వెనక 180 మీటర్ల పైచిలుకు ఎత్తున బోడి బండల కొండ. మొదటిసారి మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఎండకు గోడలు పాలిపోయి, మహలంతా అట్టముక్క మీద గీసిన బొమ్మలా పడింది. రెండోసారి నాలుగు దాటాక వెళ్లాను. వెలుగు పక్కనుంచి వాలేసరికి ప్రతి కమాను లోపలా నీడ చేరింది. మహల్‌కి లోతు వచ్చింది, బరువు వచ్చింది. అది అదే కట్టడమంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

కాసేపు కెమెరా దించి చూడాలి దాన్ని. మూడంతస్తుల మేడ. ముఖభాగమంతా సుల్తానుల కట్టడాల్లో కనిపించే మొనదేలిన కమానులు. తల ఎత్తితే గుడి విమానాల్లాంటి శిఖరాలు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఇంత మేడలో కలప వాడలేదు. పైకప్పుల్ని కూడా కమానులుగా వంచి నిలబెట్టారు. పక్కనున్న రాణిమహల్ రెండంతస్తులది. దాని కింది అంతస్తు గుర్రపుసాలలా ఉంటుంది. అందుకే అది రాణివాసం కాదనీ, కోట సేనాని బస అయి ఉంటుందనీ చెప్పేవాళ్లున్నారు. ఒక మూల సున్నం పూత పెచ్చు లేచింది. లోపల పలచటి ఇటుకలు, వాటి మధ్య వేలెడంత మందాన సున్నం. ఆ రోజు నేను తీసిన వాటిలో ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూసుకునేది ఆ పెచ్చు ఊడిన గోడనే.

ఈ చిన్న ఊరి నుంచి ఎంత చరిత్ర నడిచిందో! ఇక్కడి నుంచి ఏలిన సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాయలు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో చోటు దొరికింది చంద్రగిరి రాయల ఏలుబడిలోనే. ఆ పత్రం మీద సంతకం రాజమహల్‌లోనే పడిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మరో ఏడేళ్లకు, 1646లో, కోట గోల్కొండ సుల్తానుల వశమైంది. మద్రాసు మహానగరంగా పెరిగింది. చంద్రగిరి మిగిలింది ఈ మహళ్లతో, కోటలోని ఎనిమిది పాడుబడ్డ గుళ్లతో.

రాజమహల్ ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం. గండికోట, యాగంటి శిల్పాలతో పాటు గుడిమల్లం నుంచి తెచ్చినవీ ఉన్నాయి. వాటిని చూశాక గుడిమల్లం వెళ్లకుండా ఉండలేం. రేణిగుంట మీదుగా ఏర్పేడు మండలంలోకి వెళ్లాలి. పరశురామేశ్వర ఆలయంలో దాదాపు 5 అడుగుల లింగం, దాని ముందు వైపున మరుగుజ్జు భుజాల మీద నిలబడిన శివుడు. ఒక చేతిలో పొట్టేలు, మరో చేతిలో చెంబు. క్రీస్తు పూర్వపు శిల్పమని ఎక్కువ మంది పండితుల మాట. టి.ఎ. గోపీనాథరావు 1911లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. గుడి వెనక్కి నడిచి చూస్తే గర్భగుడి విమానం ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగి ఉంటుంది. ఉదయమే వెళితే ఆ వంపు మీద నీడ మెల్లగా జారుతూ కనిపిస్తుంది.

పొద్దున గుడిమల్లం, సాయంత్రం చంద్రగిరి పెట్టుకుంటే ఒక్క రోజు సరిపోతుంది. చంద్రగిరికి తిరుపతి నుంచి బస్సులు, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. గుడిమల్లానికి సొంత బండో, మాట్లాడుకున్న ఆటోనో మేలు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. లోపలా, గర్భగుళ్లలోనూ ఫొటో తీసే ముందు అక్కడివాళ్లను అడగండి.

నేను చివరి ఫొటో కోసం ట్రైపాడ్ సర్దుకుంటుంటే కాపలా ఆయన వచ్చాడు. “బిన్నా తీసుకోండి సార్, గేటేసే టైమవుతా ఉండాది” అన్నాడు. అంటూనే తన కర్రతో గడ్డిలో ఒక చోటు చూపించాడు. అక్కడ నిలబడితే రాజమహల్ శిఖరం, వెనకున్న కొండ కొమ్ము ఒకే వరసలోకి వస్తాయి. ఏళ్ల తరబడి చూసిన మనిషి మరి. కొండ కొమ్ము మీద ఇంకా ఎండ ఉంది, శిఖరం మీదికి నీడ ఎక్కేసింది.