బట్ట పట్టు... ఒంటి పట్టు!

బ్రెజిలియన్ జియు జిట్సును మందపాటి ‘గీ’ దుస్తులు తొడుక్కునీ ఆడతారు, అది లేకుండా ‘నో-గీ’గానూ ఆడతారు. ఏది అసలు విద్య అన్న వాదన ఎన్నాళ్లుగానో సాగుతోంది. కానీ ఒకటి నేర్పే పాఠం రెండోది నేర్పదు.

జియు జిట్సు మేటి రోజర్ గ్రేసీ ప్రత్యర్థి ఛాతీ మీదికెక్కి కూర్చుంటాడు. చేతులు అడ్డంగా పోనిచ్చి, అతడి కోటు మెడపట్టీని రెండు వైపులా లోతుగా పట్టుకుంటాడు. మణికట్లు తిప్పి ముందుకు వంగుతాడు. మెదడుకు వెళ్లే రక్తానికి అడ్డుకట్ట పడుతుంది. ఇక ప్రత్యర్థి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడమే మిగులుతుంది. కొత్తగా చేరిన తెల్ల బెల్టు వాళ్లకూ నేర్పే పట్టు ఇది. 2009 ప్రపంచ పోటీల్లో రోజర్ దీన్నే నమ్ముకుని తన బరువు విభాగాన్నీ, బరువుతో నిమిత్తం లేని ఓపెన్ విభాగాన్నీ గెలిచాడు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2005లో, ఆయన ‘ఏడీసీసీ’ అనే నో-గీ పోటీల బరిలో దిగాడు. అక్కడ గీ ఉండదు, పట్టుకోవడానికి మెడపట్టీ దొరకదు. అయినా తలపడిన ఎనిమిది మందినీ లొంగదీశాడు. ఓపెన్ ఫైనల్లో రొనాల్డో ‘జకరే’ సౌజా వెనక చేరి, మెడకు చేయి చుట్టి పని ముగించాడు. ఆయుధం మారింది, మనిషి మారలేదు. గీనా, నో-గీనా అని వాదించుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఈ రెండు విజయాలను పక్కపక్కన పెట్టి.

రాపిడి ఇచ్చే వ్యవధి

మట్టి గోదాలో మల్లులు ఒంటికి మట్టి రాసుకునేది చెమట జారుడు తగ్గి పట్టు నిలవడానికే. గీ చేసే పనీ అదే. దళసరి నూలు కోటు, ప్యాంటు, బెల్టు ఒంటి మీద ఉంటే పట్టుకోవడానికి ఎన్నో చోట్లు దొరుకుతాయి. అందుకే జియు జిట్సు అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో గీకి కొలతలున్నాయి. మెడపట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లు, మందం 1.3 సెంటీమీటర్లు దాటకూడదు. చేతికీ చొక్కా చేతికీ మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఎదుటివాడికి పట్టు దొరకనివ్వడం కూడా ఆట ధర్మమే మరి!

బట్ట ఉన్నచోట ఆట నెమ్మదిస్తుంది. కింద పడ్డవాడు చొక్కా చేతులు పట్టుకుని, పాదాలను ఎదుటివాడి కండల మీద ఆనించి, తనకంటే బరువైనవాణ్ని కూడా దూరంగా నిలిపేయగలడు. ‘స్పైడర్ గార్డ్’ అనేది ఇదే. మరోవైపు, చేయి మెలిలో చిక్కుకున్నవాడు గుంజి విడిపించుకోలేడు. బట్ట రాపిడి వదలనివ్వదు. సరైన క్రమంలో ఒక్కో పట్టునూ విప్పుకుంటూ రావాల్సిందే. ఓపికా, వరసా గీ నేర్పే చదువు.

గీ లేకుండా, ఒంటికి అతుక్కునే రాష్‌గార్డ్, షార్ట్స్‌తో మ్యాట్ ఎక్కితే కథ మారిపోతుంది. చెమట పట్టేకొద్దీ ఒళ్లు జారుతుంది. అప్పుడు చంక కింద నుంచి చేయి పోనివ్వాలి, మెడ వెనక కొక్కెంలా చేయి వేయాలి, మణికట్టో నడుమో బిగించాలి. ఛాతీకి ఛాతీ ఆనించి బరువు మోపాలి. సందు ఇస్తే మనిషి జారిపోతాడు. వేగం, సమయస్ఫూర్తి, ఒంటి బరువును వాడే తెలివి నో-గీ చదువు.

పాత పగ, కొత్త పాఠం

ఈ విద్యకు మూలం జూడో. జపాన్ జూడో వీరుడు మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్‌లో అడుగుపెట్టాడు. ఆయన శిష్యుడు కార్లోస్ గ్రేసీ 1925లో రియోలో అకాడమీ తెరిచాడు. అలా గీ వారసత్వంగా వచ్చింది. అదే రియోలో గీ లేని ‘లూటా లివ్రే’ను యూక్లిడెస్ హాటెమ్ ‘టాటు’ నిలబెట్టాడు. రెండు వర్గాల మధ్య దశాబ్దాల పాటు పగలూ పంతాలూ నడిచాయి.

1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ పోరాట పోటీని రాయ్స్ గ్రేసీ గీ తొడుక్కునే గెలిచాడు. ఇప్పటి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) నిబంధనల్లో గీకి చోటు లేదు. 1998లో అబుదాబిలో మొదలైన ఏడీసీసీ, నో-గీకి సొంత వేదిక కట్టింది. 2003 ఏడీసీసీలో బ్రౌన్ బెల్టు ఎడ్డీ బ్రావో, అక్కడ మూడుసార్లు విజేత రాయ్లర్ గ్రేసీని మెడకు కాళ్లతో వేసిన ఉచ్చుతో లొంగదీసి సంచలనం సృష్టించాడు. ఆ తర్వాత శిక్షకుడు జాన్ డానహర్ శిష్యులు కాళ్ల పట్లను ఒక శాస్త్రంగా మలిచారు. మడమను మెలిపెట్టే ‘హీల్ హుక్’ను ఐబీజేజేఎఫ్ 2021 నుంచి నో-గీలో బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకు అనుమతించింది. గీలో మాత్రం నిషేధం అలాగే ఉంది. మెలి మడమకు పడుతుంది, తెగేది మోకాలి స్నాయువు. నొప్పి తెలిసేసరికే నష్టం జరిగిపోవచ్చు. అందుకే నో-గీ సాధకుడికి ముందుగా రావాల్సిన విద్య, పంతం వదిలి వెంటనే తట్టేయడం.

రెండు పడవలు కావు

మార్సెలో గార్సియా గీలో ఐదుసార్లు ప్రపంచ విజేత, ఏడీసీసీలో నాలుగుసార్లు విజేత. గీ తొడుక్కున్నా బట్ట మీద పెద్దగా ఆధారపడకపోవడమే ఆయన పద్ధతి. ఒంటిని పట్టుకునే పట్లే రెండు చోట్లా వాడాడు. అలాగని గీ అనవసరం అనుకోకూడదు. ఆయన కోటు పట్టుకుని ఆపాలని చూసిన మేటి ప్రత్యర్థుల పట్లన్నీ విప్పుకుంటూ గెలిచాడు. అది గీలో దిగితే తప్ప రాని నేర్పు.

ఎంఎంఏ చూసి వచ్చే మన కుర్రాళ్లు ఎక్కువగా నో-గీ వైపే మొగ్గుతారు. ఖర్చు తక్కువ, ఉతకడం సులువు, మన ఉక్కపోతలో హాయి. అయితే 2018లో జకార్తాలో ఆసియా క్రీడల్లోకి తొలిసారి వచ్చిన జియు జిట్సు గీ ఆటే. దేశం తరఫున పతకం కలగనే పిల్లలు దాన్ని వదులుకోలేరు. గీలో వేళ్ల కీళ్లు నొప్పెడతాయి, నో-గీలో చర్మం ఒరుసుకుంటుంది. రెండింటిలోనూ శుభ్రత లేకపోతే తామర తప్పదు. ఉతకని బట్టతో మ్యాట్ ఎక్కడం తోటివారికి చేసే అన్యాయం.

కొత్తగా చేరేవారికి నా మాట ఒక్కటే. శిక్షణ కేంద్రంలో రెండూ ఉంటే రెండింటికీ వెళ్లండి. గీలో గెలిపించిన పట్టును నో-గీలో పరీక్షించండి. జారిపోతే, మీ గెలుపులో బట్ట వాటా ఎంతో తెలుస్తుంది. నో-గీలో మెరుపులా తప్పించుకుంటున్నవారు గీలో చిక్కుకుని చూడండి. వేగం లేకుండా మీకెంత వచ్చో తెలుస్తుంది. మన లోపాన్ని ఇంత నిజాయతీగా చూపించే గురువులు ఇద్దరుంటే, ఒకరిని ఎందుకు వదులుకోవాలి?