కొల్లేటి ఉదయం

తూరుపు పూర్తిగా తెల్లవారక ముందే కొల్లేరు మేలుకొంటుంది. శీతకాలపు మంచుతెర నీటిపై ఇంకా పరచుకొని ఉండగా, ఏలూరు జిల్లా కైకలూరు సమీపంలోని ఆటపాక గట్టుమీద నడిచేవారికి ముందుగా రెక్కల చప్పుడు వినిపిస్తుంది. పక్షులు కనిపించేది ఆ తరువాతనే. పక్షులను పరిశీలించడానికి ఉదయమే తగిన వేళ. రాత్రంతా ఆకలితో గడిపిన పక్షులు వెలుగు రాగానే మేతకు బయలుదేరుతాయి. ఎండ ముదిరితే వాటిలో అనేకం రెల్లుపొదల మాటుకు చేరుకుంటాయి.

ఇక్కడ చూపరులను ముందుగా ఆకర్షించేది గూడబాతు. దాని కింది ముక్కుకు వేలాడే తోలుసంచి, రైతులు పూర్వం పొలాలకు నీరు తోడిన గూడను తలపిస్తుంది. అది నీటితో సహా చేపలను సంచిలోకి తీసుకొని, నీటిని బయటకు వదిలి చేపలను మింగుతుంది. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైన తరువాత, ఆ గాలినే ఆసరాగా చేసుకొని అంతటి బరువైన పక్షి వలయాలుగా తిరుగుతూ ఆకాశంలోకి ఎగబాకుతుంది.

నిదానంగా గమనిస్తే ఒకే సరస్సును ఎన్నో పక్షులు తగవు లేకుండా పంచుకొన్న తీరు అర్థమవుతుంది. ఎర్రకాళ్ల కొంగ లోతు తక్కువ నీటిలో నిలబడి, సగం తెరచిన ముక్కుతో తడుముతూ చేపలను పట్టుకుంటుంది. నత్తగుల్ల కొంగ బురదలో నత్తలను వెదకుతుంది. నీటికాకి లోతులకు మునిగి వేటాడి, పైకి వచ్చి తడిసిన రెక్కలను చాచి ఆరబెట్టుకుంటుంది. లకుముకిపిట్ట కొమ్మమీది నుండి బాణంలా నీటిలోకి దూకుతుంది. ముక్కు పొడవు, కాళ్ల ఎత్తు, నీటి లోతు ఇవే వాటి సరిహద్దులు.

ఈ సరిహద్దులు చెరిగిపోతే పక్షులకు చోటుండదు. కొల్లేటిలో గట్లు వేసి చేపల చెరువులు తవ్వినప్పుడు లోతు తక్కువ జలాలు కుంచించుకుపోయాయి. నడిచి మేసే కొంగలకు లోతైన చెరువులు పనికిరావు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గుర్తించిన గూడబాతుల గూళ్లు తరువాతి దశాబ్దాలలో కనుమరుగయ్యాయి. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగింపజేసింది. ఆటపాకలో చెట్లు చాలనిచోట నీటి మధ్య ఇనుప మంచెలు నిలిపారు. వాటిపై గూడబాతులు నేడు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి.

పక్షులను చూడడానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. ఓర్పు, మౌనం, దూరం పాటించగల సంస్కారం చాలు. అలికిడికి బెదిరి తల్లిపక్షి గూడు విడిచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ గురి అవుతాయి. అందుకే గూళ్ల సమీపానికి వెళ్లరాదు; పెద్దగా మాట్లాడరాదు.

ఏ పక్షి ఏ నెలలో వచ్చింది, ఏది రాలేదు అని చిన్న పుస్తకంలో రాసుకొనే విద్యార్థి సరస్సు ఆరోగ్యాన్ని నమోదు చేసినట్లే. పక్షి వచ్చి వాలిన నీరు బతికి ఉన్న నీరు. ఆ నీటినే నమ్ముకొని జాలరి వల విసురుతాడు; వరదకాలంలో పరిసర గ్రామాలను ముంపు నుండి కాచేదీ ఆ సరస్సే. గూడబాతుకు చోటు మిగిల్చిన కొల్లేరు మనిషికీ చోటు మిగులుస్తుంది.