బొమ్మలు లేని ప్రార్థన మందిరాల్లో అక్షరమే చిత్రం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లోని ఎం.బి. చర్చిలోకి తొలిసారి అడుగుపెట్టిన వారికి ముందుగా కలిగే సందేహం ఒకటే: ఇక్కడ దేవుని బొమ్మ ఏది? సున్నం వేసిన తెల్లని గోడలు, ప్రసంగ వేదిక, దాని వెనుక పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక బైబిల్ వాక్యం. సాధారణంగా ఇక్కడ కనిపించే అలంకారం ఇంతే. విగ్రహం లేదు, పటం లేదు. డబ్బు లేక చేసిన పొదుపు కాదిది. ఆ తెల్లగోడ వెనుక 500 ఏళ్ల నాటి పట్టుదల ఉంది.

ఎందుకు వద్దన్నారు?

ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రెదరన్. 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో మొదలైన సంస్కరణ శాఖ వీరికి మూలం. 1536లో రోమన్ కాథలిక్ గురువు పదవిని వదులుకుని వారితో కలిసిన మెన్నో సైమన్స్ పేరు మీదుగా మెన్నోనైట్లు అనే పేరు వచ్చింది. విగ్రహం చేసుకోవద్దు, దానికి మొక్కవద్దు అన్న ఆజ్ఞను వారు అక్షరాలా పాటించారు. అందులోనుంచి 1860లో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో, మెన్నోనైట్ బ్రెదరన్ శాఖ విడివడింది. ఆ శాఖకు చెందిన అమెరికన్ మిషనరీలు 1899లో నిజాం రాజ్యానికి వచ్చారు. నాగర్‌కర్నూల్, వనపర్తి వారి కేంద్రాలయ్యాయి. అంతవరకు బాప్టిస్టుల చేతిలో ఉన్న మహబూబ్‌నగర్, గద్వాల 1937లో వీరి చేతికి వచ్చాయి.

గోడ మీద లేకున్నా చేతిలో ఉంది

అయితే బొమ్మను గోడ మీదికి రానీయని మిషనరీలే బొమ్మను చేతపట్టుకుని పల్లెలకు వెళ్లడం విశేషం. చదువు రాని వారికి కథ చెప్పాలంటే బొమ్మ తప్పదు. రంగుల్లో అచ్చయిన పెద్ద చిత్రాల చుట్టలను ఆనాటి మిషన్లు విరివిగా వాడేవి. చెట్టుకొమ్మకు తగిలించి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ కథ చెప్పేవారు.

ఆ పద్ధతి పాలమూరు పల్లెలకు కొత్తేమీ కాదు. తెలంగాణలో కులానికో పటం, పటానికో కథ ఉండేది. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డపై నకాషీలు బొమ్మలు వేసేవారు. డక్కలివారు జాంబపురాణం పటాన్ని మాదిగ వాడల్లో విప్పి, పాడి, చెప్పేవారు. తొలినాళ్లలో క్రైస్తవం పుచ్చుకున్న వారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వారే. కొత్త మతంలోకి వచ్చినవారు గ్రామదేవతల కొలువులకు, జాతరలకు దూరంగా ఉండాలన్నది మిషన్ల నియమం. ఒక పటం ముందు నుంచి లేచి వచ్చిన వారి ముందు ఇంకో పటం విప్పుకున్నదన్నమాట.

తేడా ఒకటుంది. నకాషీ బొమ్మల్లోని ముఖాలు, నగలు, చీరకట్టు ఇక్కడివి. మిషన్ బొమ్మల్లోని క్రీస్తు తెల్లని మేనితో, గోధుమ రంగు జుట్టుతో పరదేశిగా ఉండేవాడు. ఆ కొరత తీర్చినవారు లేకపోలేదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు రామాయణం వేసిన కలంతోనే క్రీస్తు కథనూ బట్టపై వేశారు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రంలో విజయచందర్ రూపంలో తెలుగు మాట్లాడే క్రీస్తు తెర మీదికి వచ్చాడు. ఆ చిత్రాన్ని ప్రొజెక్టర్లతో ఊరూరా వీధుల్లో తెర కట్టి చూపారు.

పూజకు కాదు, జ్ఞాపకానికి

నిజానికి మెన్నోనైట్లు బొమ్మకు శత్రువులు కారు. తమ హతసాక్షుల చరిత్రను చెప్పే పెద్ద గ్రంథానికి 1685లో యాన్ లౌకెన్ అనే డచ్చి చిత్రకారుడు 104 రాగిరేకు చిత్రాలు చెక్కాడు. వాటిలో ఒకటి లోకమంతా ఎరిగినది. 1569లో డిర్క్ విల్లెమ్స్ అనే ఖైదీ గడ్డకట్టిన నీటి మీదుగా పారిపోతుంటే, వెంటపడిన వాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగి అతణ్ణి పైకి లాగాడు. ఫలితంగా పట్టుబడి సజీవ దహనానికి గురయ్యాడు. శత్రువుకు రెండు చేతులూ చాచిన ఆ దృశ్యాన్ని మెన్నోనైట్ల ఇళ్లలో నేటికీ చూపి పిల్లలకు చెబుతారు. మొక్కడానికి కాదు, మరువకుండా ఉండటానికే.

ఇతర శాఖల వారు వేరే దారి పట్టారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చిలో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం రంగుటద్దాల కిటికీల్లో వెలుగుతాయి. పగటి వెలుతురు ఉంటేనే ఆ అందం. బిషప్ అజరయ్య సంకల్పంతో లేచి 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ చర్చిలో దేవాలయపు స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసిపోయాయి. వాటి సరసన మన తెల్లగోడ వెలవెలబోతున్నట్టు కనిపించవచ్చు. కాని ఆ గోడ మీది అక్షరాన్ని తీరికగా చూసినవారు అలా అనరు.

చేతిరాతకు చివరి రోజులా?

దారంతో గీతలు కొట్టి, సుద్దతో గుర్తులు పెట్టి, తలకట్టు, దీర్ఘం, వత్తు కొలత తప్పకుండా కుంచెతో వాక్యం రాయడం చిన్న పని కాదు. దుకాణాల బోర్డులు, సినిమా ప్రకటనలు రాసిన చేతులే చర్చి గోడల మీద వాక్యం రాసేవి. రాసేవాడు ఏ మతం వాడన్నది ఎవరూ అడగరు, అక్షరం కుదిరిందా లేదా అన్నదే చూస్తారు. బొమ్మ ఉండకూడని చోట చిత్రకారుని పనితనమంతా ఆ ఒక్క వరుసలో ఒదిగేది.

ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచెలకు పని తగ్గింది. పాత మందిరాన్ని కూల్చి కొత్తది కట్టినప్పుడు గోడతో పాటు రాతా పోతుంది. 2016లో ఒక్క పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. కోటల ఫొటోలు తీసి పెట్టినట్టే ఈ గోడల ఫొటోలూ తీసి పెడితే బాగుంటుంది. సంఘాల పెట్టెల్లో పాత చిత్రాల చుట్టలేవైనా మిగిలి ఉంటే చెదల పాలు కాకముందే బయటకు తీయాలి. సున్నం మరో పూత పడితే కింది అక్షరం మళ్లీ కనిపించదు.