ఒక మిల్లీలీటరు ఆయుర్దాయము

నడివయసు దాటిన పెంపుడు కుందేటి కన్నులు రెండును కొలదిదినములలో వెలికి ఉబికివచ్చి, అది తల వంచి గడ్డి కొఱుకునప్పుడు ఆ ఉబ్బు మఱింత హెచ్చి, తలయెత్తి కూర్చుండగానే కొంత అణగుచున్నచో, ఇంటివారు దానిని సహజముగా కంటిజబ్బుగా నెంచి చుక్కలమందు కొఱకు బయలుదేరుదురు. కాని వ్యాధి కంటిలో లేదు, ఎదలో ఉన్నది. మనుష్యులలో బాల్యము గడచిన పిమ్మట క్రమముగా కృశించి కొవ్వుగా మాఱిపోవు థైమస్ గ్రంథి కుందేటికి జీవితాంతము గుండెకు ముందుభాగమున నిలిచియుండును. అందు కంతి పుట్టి పెరిగినప్పుడు, తలనుండి గుండెకు నెత్తురును మరలించు మహాసిర నొక్కుకొనిపోవును. వెనుకకు పోజాలని రక్తము కనుగుడ్ల వెనుకనున్న విశాలమైన సిరాజాలమున నిండి వానిని ముందునకు త్రోయును. ఒక కన్నే ఉబికినచో దవడపంటి మొదట చీము చేరినదేమో యనియు, రెండును సమముగా ఉబికినచో ఎదను పరీక్షింపవలెననియు కుందేళ్ళ వైద్యమున ఆరితేరినవారు మొట్టమొదట తలపోయుదురు.

ఎక్స్‌రే తీసి, అల్ట్రాసౌండుతో చూచి, సన్నని సూదితో కొన్ని కణములను లాగి పరీక్షించిన పిమ్మట ఈ కంతికి థైమోమా యని పేరు పెట్టుదురు. పేరు తెలిసినంతనే ప్రశ్నలు మొదలగును. రెండు కిలోల ప్రాణి ఎదను కోసి కంతిని తొలగించుట సాహసమే. శస్త్రచికిత్స వేళనో, ఆ మఱుదినములందో మరణించునవి పెక్కు. కిరణచికిత్స మేలైనదే. 2012లో వెలువడిన ఒక పరిశీలనలో, ఆ చికిత్స పొందిన 19 కుందేళ్ళ మధ్యస్థ ఆయుఃప్రమాణము 313 దినములని లెక్కతేలినది. తొలి పక్షములోపలనే పోయిన మూడింటిని విడిచి లెక్కించినచో అది రెండేండ్లకు సమీపించినది. కాని అట్టి యంత్రము పశువులకు లభించు తావు మన దేశమున మిక్కిలి అరుదు. ఇక మిగిలినది మందుల దుకాణమున చంటిపిల్లల కొఱకు అమ్ము ప్రెడ్నిసొలోన్ సిరప్. అది చవుక, సులభము, ఆ సులభత్వముననే దాని ప్రమాదమును దాగియున్నది.

స్టెరాయిడులను ఈ జాతి మందుల చరిత్ర మిక్కిలి పాతది కాదు. 1948 సెప్టెంబరు 21వ తేదీన అమెరికాలోని మేయో క్లినిక్కున ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ అధివృక్కగ్రంథులలో గుర్తించిన రసాయనమును కీళ్ళవాతముతో కదలలేని ఒక స్త్రీకి తొలిసారిగా సూదిద్వారా ఇప్పించగా, ఆమె కొలదిదినములలోనే లేచి నడచినది. కార్టిజోన్ అను ఆ మందు వారికిని, స్విట్జర్లాండున అదే మార్గమున శోధించిన రైక్‌స్టైనుకును 1950లో నోబెల్ బహుమానమును తెచ్చిపెట్టినది. దానికన్న బలమైన ప్రెడ్నిసొలోన్ 1955లో వచ్చినది. తొలినాటి ఆశ్చర్యము చల్లారకమునుపే దుష్ఫలములును బయటపడినవి. ఆ దుష్ఫలములను శోధించుటలో కుందేలు చేసిన సేవను మనము తఱచు మఱచుచుందుము: స్టెరాయిడ్ చుక్కలు కంటిలోని ఒత్తిడిని ఏవిధముగా పెంచునో తెలిసికొనుటకు ప్రయోగశాలలలో ఎన్నో కుందేళ్ళ కన్నులు ఆ చుక్కలను భరించినవి. నేడు పెంపుడు కుందేటికి చికిత్స చేయువారు ఆ ఋణమును ఒకింత తీర్చుకొనుచున్నారనవచ్చును.

ఆ ప్రయోగశాలలే నేర్పిన మఱియొక విషయము ఇచ్చట కీలకమైనది. స్టెరాయిడుల యెదుట జంతువులన్నియు సమానములు కావు. మనుష్యుడు, కోతి, గినీపంది మొదలగు వాని లింఫోసైట్లు, అనగా రోగములనెదిర్చు తెల్లరక్తకణములు, ఈ మందును చాలవఱకు తట్టుకొనును. కుందేలు, ఎలుక, చిట్టెలుక మొదలగు వానివి తట్టుకొనలేక నశించును. అందుచేత మనకు తేలికయైన మోతాదే కుందేటి రక్షణశక్తిని కూలద్రోయవచ్చును. ముక్కులోను, చెవిలోను నిద్రాణముగా పడియుండు పాశ్చురెల్లా సూక్ష్మజీవి మేల్కొని తుమ్ములను, చీమును పుట్టింపవచ్చును. మెదడునందును మూత్రపిండములందును ఏండ్లతరబడి మౌనముగా నుండు ఎన్‌సెఫాలిటోజూన్ క్యునిక్యులై యను పరాన్నజీవి విజృంభించి మెడను ఒకప్రక్కకు వంచివేయవచ్చును. కడుపులో పుండ్లు పడుట, కాలేయము చెడుట, గాయములు మానకుండుట అను ఇతరబాధలు వేఱుగా నున్నవి. కుందేళ్ళ వైద్యగ్రంథములు స్టెరాయిడును దాదాపు నిషిద్ధవస్తువుగా పేర్కొనుటకు కారణమిదియే.

ఐనను, ఏ దౌర్బల్యము వలన ఈ మందు కుందేటికి శత్రువగుచున్నదో, ఆ దౌర్బల్యము వలననే థైమోమాయందు అది మిత్రమగుచున్నది. ఆ కంతిలో రెండు జాతుల కణములుండును. నిజముగా దారితప్పి పెరుగునవి గ్రంథి యొక్క పొరకణములు. వాని చుట్టును గుమిగూడి కంతికి స్థూలతను కలిగించునవి లింఫోసైట్లు. ప్రెడ్నిసొలోన్ తగిలినంతనే రెండవజాతి కణములు రాలిపోవును, కంతి కుంచించును, మహాసిరపై ఒత్తిడి తగ్గును, కన్నులు లోపలికి పోవును, ఊపిరి తేలికపడును. ఇంటివారు వ్యాధి నయమైనదని సంబరపడుదురు. పెండ్లియింట చుట్టములందఱును వెడలిపోయినంతమాత్రమున ఇంటియజమాని కదలిపోడు గదా! ఆ పొరకణములు అచ్చటనే యుండును. కావున ఇది వ్యాధిని మాన్పు మందు కాదు, వ్యాధితో సంధి కుదుర్చు మందు. పూర్ణస్వస్థతను దీనినుండి కోరుట శశవిషాణమును కోరుటయే.

స్టెరాయిడు విషమని ఒకరును, అమృతమని మఱియొకరును వాదించునప్పుడు, తాము పట్టిన కుందేటికి మూడేకాళ్ళని ఇరువురును పట్టుబట్టుచున్నారనియే నాకు తోచును. ప్రశ్న మందు మంచిదా చెడ్డదా యనునది కాదు. ఈ జబ్బునకు, ఈ ప్రాణికి, ఈ మోతాదులో, ఎవరి కనుసన్నలలో అనునదియే. కీళ్ళనొప్పితో కుంటుచున్న ముసలికుందేటికి మెలాక్సికామ్ వంటి వేఱుజాతి మందు ఉండగా స్టెరాయిడు నిచ్చుట నేను సమర్థింపజాలను. తుమ్ములకును దురదలకును కారణము వెదకకయే దానిని వాడుటయు నట్టిదే. థైమోమా విషయమున మాత్రము వైద్యుడు దానినెంచుకొన్నచో ఆ యెంపికకు శాస్త్రీయమైన ఆధారమున్నది.

మోతాదు లెక్క చిన్నదే కాని తప్పినచో పెద్దదగును. వైద్యులు సాధారణముగా కిలో బరువునకు అర మిల్లీగ్రాము మొదలు రెండు మిల్లీగ్రాముల వఱకు నిర్ణయింతురు. రెండు కిలోల కుందేటికి కనీసపు మోతాదు ఒక మిల్లీగ్రాము. మనకు సాధారణముగా దొరకు బిళ్ళ ఐదు మిల్లీగ్రాములది కావున దానిని ఐదు ముక్కలు చేయుట కంటె, ఐదు మిల్లీలీటర్లకు ఐదు మిల్లీగ్రాములున్న పిల్లల సిరప్ మేలు. సూదిలేని సిరంజితో ఒక మిల్లీలీటరు కొలిచి, దవడప్రక్క పండ్లసందున మెల్లమెల్లగా పోయవలెను. వెల్లకిల వేసి పోయరాదు. ముక్కుతోనే ఊపిరి పీల్చు ఈ ప్రాణికి, అందును ఎద ఇఱుకైనదానికి, మందు ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయమే.

మందు మొదలైన పిమ్మట అసలు వైద్యశాల ఇల్లే. వంటింటి త్రాసుపై వారమున కొకసారి గ్రాములలో బరువు తూచి వ్రాసికొనవలెను. ప్రతియుదయమును పెంటికలను చూడవలెను: అవి చిన్నవై, ఎండి, సంఖ్య తగ్గినచో అంధనాళమున పులియబెట్టి ఆహారమును జీర్ణించుకొను ఆ యంత్రాంగము మందగించుచున్నదని గ్రహింపవలెను. కుందేలు వాంతి చేసికొనలేదు. సగముదినము ఏమియు తినకుండుట దానికి అత్యవసర పరిస్థితి. గరికయు, ఎండుగడ్డియు ప్రధానాహారముగా నుంచి, గుళికల మేతను తగ్గించుట మంచిది. స్టెరాయిడు ఆకలిని పెంచగా గుళికలతో బలిసిన కుందేలు ఊపిరికి మఱింత ఒగర్చును. దప్పికయు మూత్రమును హెచ్చును గనుక పరుపుగడ్డిని తఱచు మార్చకున్నచో మడమలు ఒరసి పుండ్లు పడును. ఉబికిన కన్ను మూతపడక ఎండిపోవును గనుక తేమనిచ్చు చుక్కలు వేయవలసివచ్చును; కాని కంటిమందులలో కొన్నింట స్టెరాయిడు కలిసియుండును. చర్మమునకు రాయు దురదమందులలోను అంతే. కుందేలు పూసినదానిని నాకును; నాకనిదియు చర్మముగుండ నెత్తురులోనికి చేరును. సీసాపై వ్రాతను చదువక ఏదియు వాడరాదు.

కుక్కలను, పిల్లులను చూచుటకు అలవడిన చికిత్సాలయమునకు రాత్రివేళ పరుగిడవలసివచ్చినచో ఇంటివారు మూడు సంగతులను నోటితో గాక కాగితముపై వ్రాసి చూపుట మేలు. ఈ ప్రాణి స్టెరాయిడుపై నున్నది కావున మెలాక్సికామ్ జోడింపరాదు. జోడించినచో కడుపులో పుండ్లు పడును. అమాక్సిసిలిన్ వంటి మందులను నోటిద్వారా ఈయరాదు. అవి ప్రేగులలోని మేలుసూక్ష్మజీవులను చంపి, విషమును చిమ్ము క్లాస్ట్రీడియములకు తావిచ్చును. స్టెరాయిడును హఠాత్తుగా ఆపరాదు. బయటినుండి వచ్చు మందునకు అలవడి మందగించిన అధివృక్కగ్రంథులు మేల్కొనుటకు వ్యవధి కావలెను గనుక, తగ్గించుట మెట్టుమెట్టుగా జరుగవలెను.

మన ప్రాంతమున దీనికి తోడు వేసవి యున్నది. ఐరోపాలోని ఐబీరియా నేలలలో బొరియలు త్రవ్వుకొని బ్రతికిన జాతికి చెందిన ఈ పెంపుడుజీవి చెమట పోయదు. చెవులలోని నెత్తుటిద్వారా ఒడలివేడిమిని కొంత విడుచును, అంతే. ముప్పది డిగ్రీలు దాటినంతనే తడబడును. ఎదలో కంతియున్న కుందేటికి రోహిణీకార్తె మందుకన్న పెద్ద పరీక్ష. చల్లనిగదియు, గుడ్డచుట్టిన మంచునీళ్ళ సీసాయు, గాలిపంకాయు అప్పుడు చికిత్సలో భాగములే.

కొన్ని నెలలకో, అదృష్టవశమున ఏడాదికి మీఱియో, కన్నులు మరల ఉబుకును. వైద్యుడు మోతాదును పెంచును. ఒకసారి ఫలించవచ్చును, రెండవసారి ఫలింపకపోవచ్చును. కుందేలు బాధను దాచుకొను ప్రాణి కావున, అది గడ్డి మానినదా, ఒడలు నాకి శుభ్రపఱచుకొనుట మానినదా, మెడ చాచి ఊపిరి పీల్చుచున్నదా యనునవి చూచి తెలిసికొనవలెను. నోరు తెఱచి ఊపిరి పీల్చుట మొదలైనచో ఇక మోతాదును గూర్చిన చర్చకు తావులేదు. ఆక్సిజన్ ఇచ్చి మఱికొంత ప్రయత్నింపవలెనా, నొప్పిలేకుండ సాగనంపవలెనా యనుదానిని ఆ గడియలోనే నిశ్చయింపవలసియుండును. ఆ నిశ్చయమును వైద్యునితో ముందుగనే, కుందేలు ఇంకను హాయిగా గరిక నములుచున్న దినములలోనే, మాటలాడుకొనియుండుట మంచిది.